కొట్టుకోని గుండె చెప్పిన సంగతులు

గుండె ఆగితే ప్రాణం పోతుంది. పసిపిల్లలకు కూడా తెలిసిన ఈ మాట జీబ్రా చేప పిండానికి మాత్రం వెంటనే వర్తించదు. దాని గుండె పుట్టాక ఒక్కసారి కూడా కొట్టుకోకపోయినా, రక్తం బొట్టు కూడా కదలకపోయినా అది దాదాపు అయిదు రోజులు బతికే ఉంటుంది. కళ్లు ఏర్పడతాయి, వెన్నెముక సాగుతుంది, తోక కదులుతుంది. ఒళ్లు మిల్లీమీటరులో చిన్న భాగమంత మందమే గనక నీటిలోని ఆక్సిజన్ చర్మంలోంచే లోపలి కణాలకు చేరిపోతుంది. తిండికి పొట్ట కింద పచ్చసొన ఉండనే ఉంది.

ఎలుక పిండానికి ఈ వెసులుబాటు లేదు. గుండె పనిచేయకపోతే అది తల్లి గర్భంలోనే చనిపోతుంది. చనిపోయిన పిండాన్ని బయటికి తీసి చూస్తే ఏది ముందు చెడిందో, ఏది దాని పర్యవసానమో తేల్చడం కష్టం. జీబ్రా చేపలో గుండె జబ్బును గుండె జబ్బుగానే, బతికున్న ప్రాణిలో, రోజుల తరబడి చూడవచ్చు. గుండె ఎలా పనిచేస్తుందో మనకు ఈ చేప చెప్పిన సంగతుల్లో చాలా, పనిచేయని గుండెల నుంచి వచ్చినవే.

కోసి నది చేప

ఇది మన ఉపఖండపు చేప. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా ఉన్న ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద 1822లో వేసిన గ్రంథంలో దీన్ని తొలిసారి వర్ణించాడు. తనకు కోసి నదిలో దొరికిందని రాశాడు. మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవు, ఒంటి వెంబడి ముదురు నీలి చారలు. వరిమళ్లు, నెమ్మదిగా పారే వాగులు, ఒడ్డున గడ్డి మొలిచిన గుంటలు దీని నెలవులు. అలంకార చేపల దుకాణాల్లో అతి చౌకగా దొరికే రకాల్లో ఇదొకటి.

దీన్ని జన్యుశాస్త్రానికి తెచ్చిన మనిషి జార్జ్ స్ట్రైసింగర్. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పనిచేసి, 1981లో నేచర్ పత్రికలో అచ్చయిన వ్యాసంతో ఈ చేప మీద జన్యు పరిశోధనకు దారి వేశాడు. ఆ తరువాత జర్మనీలోని ట్యూబింగెన్‌లో క్రిస్టియానె న్యూస్లైన్ ఫోల్హార్డ్ బృందం, బోస్టన్‌లో వోల్ఫ్‌గాంగ్ డ్రీవర్, మార్క్ ఫిష్‌మన్ బృందాలు మగ చేపల్లో రసాయనంతో జన్యువులను దెబ్బతీసి, వాటి సంతతిలో ఏ పిండానికి ఏ అవయవం చెడిందో ఒక్కొక్కటిగా మైక్రోస్కోపు కింద వెతికాయి. 1996 డిసెంబరులో డెవలప్‌మెంట్ అనే పత్రిక ఒక సంచిక మొత్తాన్ని ఈ ఫలితాలకే కేటాయించింది. గుండె కొట్టుకోనివి, నెమ్మదిగా కొట్టుకునేవి, తడబడేవి, కవాటాలు లేనివి, రక్తం తోకదాకా చేరనివి అన్నీ అందులో ఉన్నాయి.

చేప గుండె గురించి తెలిస్తే మనిషికేమిటి ఉపయోగం అని అడగవచ్చు. 2013లో ఈ చేప జన్యుపటం పూర్తిగా వెలువడింది. మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి ఇందులో కనీసం ఒక జోడు జన్యువు ఉంది. గుండె కండరాన్ని ముడిచే ప్రోటీన్లు, లయను నడిపే అయాన్ ద్వారాలు చాలావరకు రెండింటిలోనూ ఒకటే.

మూడు రోజుల్లో గుండె

మగ, ఆడ చేపలను సాయంత్రం ఒకే తొట్టిలో మధ్య అడ్డు పెట్టి ఉంచుతారు. తెల్లారి దీపం వేసి అడ్డు తీస్తే కాసేపట్లో గుడ్లు పెడతాయి. ఒక్కో జత వంద, రెండు వందలు, ఒక్కోసారి అంతకు మించి పెడుతుంది. వాటిని టీ వడకట్టుతో వడగట్టి, కొద్దిపాటి సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం లవణాలు కలిపిన నీటిలో 28.5 డిగ్రీల వేడిలో ఉంచుతారు. బయటి పొరతో కలిపి గుడ్డు మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. ఆ పొర, లోపలి పిండం రెండూ పారదర్శకమే. రెండో రోజు నుంచి ఒంటి మీద నల్లరంగు కణాలు వచ్చి అడ్డుపడతాయి కాబట్టి రంగు రాకుండా ఆపే మందును ముందే నీటిలో కలుపుతారు.

ఇరవై నాలుగు గంటల పిండాన్ని మైక్రోస్కోపు కింద పెడితే తల కింద, పచ్చసొన అంచున సన్నటి గొట్టం ఒకటి కదులుతూ కనిపిస్తుంది. గదులు లేవు, కవాటాలు లేవు. ఒక కొస నుంచి మరో కొసకు ముడుచుకుంటూ పోతుంది. మరో గంట రెండు గంటల్లో తొలి రక్తకణాలు బయలుదేరతాయి. మొదట్లో వాటికి రంగు లేదు. రెండో రోజుకు లేత ఎరుపు తేలుతుంది. ముప్పై ఆరు గంటలకల్లా గొట్టం మెలి తిరగడం మొదలవుతుంది. రెండు రోజులు నిండేసరికి కర్ణిక ఒకటి, జఠరిక ఒకటి, మధ్యలో నొక్కు స్పష్టంగా తెలుస్తాయి. చేప గుండెకు గదులు రెండే. ముందు కర్ణిక ముడుచుకుంటుంది, ఆ వెంటనే జఠరిక. నిమిషానికి 120 నుంచి 180 సార్లు. రెండు గదుల చప్పుళ్లకు నడుమ ఉన్న ఆ కాస్త ఎడం కూడా కంటికి దొరుకుతుంది.

అసలు మొట్టమొదటి చప్పుడు ఎలా మొదలవుతుంది? హార్వర్డ్‌లో ఆడం కోహెన్, షాన్ మెగాసన్ బృందాలు దీన్ని పట్టుకున్నాయి. కాల్షియం చేరగానే వెలిగే ప్రోటీను ఉన్న పిండాలను వరుసగా మైక్రోస్కోపు కింద ఉంచి గంటల తరబడి చిత్రీకరించి, 2023లో నేచర్‌లో ఫలితాలు ప్రకటించాయి. ఒక కణం, తరువాత దాని పక్క కణం, ఇలా మెల్లగా పాకుతూ గుండె మేలుకుంటుందని అనుకునేవారు. అలా జరగలేదు. ఇరవై గంటల వయసు దగ్గర, అప్పటిదాకా నిశ్శబ్దంగా ఉన్న కణజాలం ఉన్నట్టుండి ఒక్కసారిగా స్పందించింది. మొదటి చప్పుళ్లు ఎడాపెడా వచ్చినా కొద్దిసేపట్లోనే లయ కుదిరింది. ఏ మూల నుంచి తరంగం బయలుదేరుతుందో కూడా మొదట్లో చేపకు చేపకు మారింది. లయను నిర్దేశించే స్థిరమైన కేంద్రం ఆ తరువాత కుదురుకుంది.

గుండెను కొలవడం ఎలా?

ఆసుపత్రిలో ఎకో పరీక్ష చేయించుకున్నవారికి ఎజెక్షన్ ఫ్రాక్షన్ అనే మాట తెలిసే ఉంటుంది. నిండిన జఠరికలోని రక్తంలో ఎంత శాతం ఒక్క చప్పుడుకు బయటికి వెళుతోంది అన్నదే అది. మనిషిలో 55 నుంచి 70 శాతం ఉంటే మామూలు. మిల్లీమీటరులో పదో వంతు ఉన్న జఠరికకు కూడా ఇదే లెక్క కడతారు. దానికి అల్ట్రాసౌండ్ అక్కర్లేదు, వీడియో చాలు.

పిండాన్ని తక్కువ వేడికే కరిగే అగరోజ్ జిగురులో కదలకుండా పక్కకు పడుకోబెట్టి, సెకనుకు వంద చిత్రాలు, వీలైతే అంతకన్నా ఎక్కువ తీస్తారు. జఠరిక పూర్తిగా నిండిన చిత్రం ఒకటి, పూర్తిగా ముడుచుకున్న చిత్రం ఒకటి ఎంచుకుంటారు. రెండింటిలోనూ పొడవు, వెడల్పు కొలుస్తారు. జఠరికను కోలగా ఉన్న గోళంగా భావించి, పొడవును వెడల్పు వర్గంతో గుణించి, ఆ వచ్చినదాన్ని పై బై ఆరుతో గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది.

ఉదాహరణకు నిండినప్పుడు పొడవు 115 మైక్రాన్లు, వెడల్పు 75 మైక్రాన్లు అనుకుందాం. ఘనపరిమాణం 0.34 నానోలీటర్లు. ముడుచుకున్నాక 95, 58 మైక్రాన్లు ఉంటే 0.17 నానోలీటర్లు. అంటే ఒక్క చప్పుడుకు సగం రక్తం, 0.17 నానోలీటర్లు, బయటికి పోయింది. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 50 శాతం. నిమిషానికి 140 చప్పుళ్లయితే ఆ గుండె నిమిషంలో తోసేది 24 నానోలీటర్లు. మన గుండె ఒక్క చప్పుడుకు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి దాదాపు అయిదు లీటర్లు తోస్తుంది. అంకెలు ఎంత దూరమైనా సూత్రం ఒక్కటే.

రక్తప్రవాహాన్ని కొలవడానికి తోక మేలైన చోటు. అక్కడ ఒంటి మందం తక్కువ. వెన్ను కింద ధమని తోక చివరిదాకా వెళ్లి, అక్కడ మలుపు తిరిగి, దాని కిందనే సిరగా వెనక్కి వస్తుంది. ధమనిలో కణాలు గుండె చప్పుడుకు తగ్గట్టు ఉరుకుతూ ఆగుతూ పోతాయి, సిరలో నిదానంగా సాగుతాయి. కండరాల మధ్య సన్నటి నాళాల్లో మాత్రం ఒక్కొక్క కణమే పట్టేంత చోటు, అక్కడ చీమల బారులా ఒకదాని వెనక ఒకటి కదులుతాయి. చేప ఎర్ర రక్తకణానికి కేంద్రకం ఉంటుంది, కోలగా ఉంటుంది, అందుకని ఒక్కో కణాన్ని వేరుగా గుర్తించడం తేలిక. ఒక కణం రెండు చిత్రాల నడుమ ఎంత దూరం జరిగిందో కొలిచి, నడిచిన కాలంతో భాగిస్తే వేగం వచ్చినట్టే. కణాలు మరీ దట్టంగా ఉంటే కంప్యూటరు ప్రతి చిత్రాన్నీ చిన్న గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలోని మచ్చల అమరిక ఎటు జరిగిందో పోల్చి లెక్కిస్తుంది. రక్తకణాలు ఎర్రగా, నాళాల గోడలు ఆకుపచ్చగా వెలిగే చేపలను జన్యుమార్పుతో తయారుచేశాక ఈ పని ఇంకా సులువైంది.

విలియం హార్వీ 1628లో రక్తం చక్రంలా తిరుగుతుందని రాసినప్పుడు ధమనులనూ సిరలనూ కలిపే దారి ఆయనకు కనిపించలేదు. మాల్పిఘి 1661లో కప్ప ఊపిరితిత్తిలో కేశనాళికలను చూసి ఆ లోటు తీర్చాడు. హార్వీ తర్కంతో సాధించిన చక్రం మొత్తాన్ని చేపపిండంలో ఒకే చూపులో చూడవచ్చు.

ప్రవాహమే శిల్పి

గుండె రక్తాన్ని నడుపుతుంది. మరి రక్తం గుండెకేం చేస్తుంది? కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో జే హోవ్, స్కాట్ ఫ్రేజర్, మోర్తెజా ఘరీబ్ బృందం ఈ ప్రశ్న వేసుకుంది. పిండం గుండెలోకి రక్తం వచ్చే దారిలో ఒకదానికి, బయటికి పోయే దారిలో ఇంకొకదానికి సన్నటి గాజుపూస అడ్డుపెట్టారు. గుండె కొట్టుకుంటూనే ఉంది, జన్యువులన్నీ సవ్యంగానే ఉన్నాయి, రక్తం మాత్రం లోపల పారడం లేదు. పూసను ప్రవాహానికి అడ్డురాకుండా పక్కన ఉంచిన పిండాల గుండెలు మామూలుగా పెరిగాయి. దారి మూసిన వాటిలో గుండె సరిగా మెలి తిరగలేదు, కవాటాలు ఏర్పడలేదు. 2003లో నేచర్‌లో వచ్చిన ఈ ఫలితం పిండశాస్త్రంలో పెద్ద చర్చ లేపింది.

కారణం తరువాతి ఏళ్లలో తేలింది. పారే రక్తం గది గోడను ఒరుసుకుంటూ పోతుంది. లోపలి పొర కణాలు ఆ ఒరిపిడిని పసిగడతాయి. కర్ణికకూ జఠరికకూ మధ్య ఇరుకు చోట రక్తం ముందుకూ వెనక్కూ ఊగిసలాడుతుంది. ఆ ఊగిసలాటే అక్కడి కణాల్లో కెఎల్‌ఎఫ్‌2ఎ అనే జన్యువును మేల్కొలుపుతుంది, అక్కడ కవాటం పుడుతుంది. పుట్టుకతో వచ్చే గుండెలోపాలకు జన్యువులను మాత్రమే వెతికితే చాలదని, గర్భంలో రక్తం పారిన తీరు కూడా లెక్కలోకి రావాలని ఈ చేప నేర్పింది.

చెడిన గుండెల పాఠం

ఇక అసలు కొట్టుకోనే కొట్టుకోని గుండె. పరిశోధకులు దానికి సైలెంట్ హార్ట్ అని పేరు పెట్టారు. 2002లో కారణం తేలింది. కండరం ముడుచుకోవడానికి అవసరమైన ట్రోపోనిన్ టి అనే ప్రోటీను జన్యువు అందులో చెడిపోయింది. గుండెపోటు అనుమానం వస్తే ఆసుపత్రిలో రక్తంలో వెతికేది ఈ ట్రోపోనిన్ల కుటుంబాన్నే. ఇదే జన్యువులో మార్పులు వచ్చిన మనుషులకు గుండె కండరం మందమయ్యే జబ్బు గానీ, సాగిపోయే జబ్బు గానీ వస్తుంది.

ఈ రకం జబ్బు మన దక్షిణాదికి కొత్త కాదు. మధురై కామరాజ్ విశ్వవిద్యాలయం నుంచి పెరుందురై దండపాణి, హైదరాబాద్ సీసీఎంబీ నుంచి కుమారస్వామి తంగరాజ్, ఇంకెందరో కలిసి 2009లో నేచర్ జెనెటిక్స్‌లో ఒక ఫలితం ప్రకటించారు. గుండె కండరంలోని మరో ప్రోటీనుకు చెందిన ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు తెగిపోయిన రూపం భారత ఉపఖండపు జనాభాలో దాదాపు 4 శాతం మందిలో ఉందని, వారికి నడివయసు దాటాక గుండె బలహీనపడే ముప్పు ఎక్కువని తేల్చారు. ఇలాంటి జన్యువును చెరిపినా మార్చినా మొదటి మూడు రోజుల్లో గుండె ఏమవుతుందో చూడడానికి చేపపిండం వంటి సాధనం మరొకటి లేదు.

ఇంకో చెడిన చేప గ్రిడ్‌లాక్. దీనికి గుండె బాగానే కొట్టుకుంటుంది. రెండు పాయలు కలిసి ఒకే బృహద్ధమనిగా మారే చోట దారి మూసుకుపోయి రక్తం తోకవైపు వెళ్లదు. పిల్లల్లో బృహద్ధమని ఇరుకయ్యే జబ్బుకు ఇది దగ్గరి పోలిక. ర్యాండల్ పీటర్సన్ బృందం ఈ పిండాలను గుంటల పళ్లేల్లో వేసి, ఒక్కో గుంటలో ఒక్కో రసాయనం కలిపి, ఏది కలిపితే తోకలో రక్తం కదులుతుందో చూసింది. 5 వేల రసాయనాలు పరీక్షించాక రెండు దొరికాయి. 2004లో ఆ ఫలితం వెలువడింది. చెడిన జన్యువు చెడినట్టే ఉంది, అయినా రక్తం తోకదాకా వెళ్లింది. జన్యుదోషాన్ని సరిచేయకుండానే దాని ఫలితాన్ని మందుతో దాటవచ్చని చూపిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి.

పెద్ద చేప సంగతి మరో ఆశ్చర్యం. 2002లో కెన్నెత్ పాస్, మార్క్ కీటింగ్ బృందం జఠరికలో దాదాపు 20 శాతాన్ని కోసి తీసేస్తే రెండు నెలల్లో అది తిరిగి పెరిగింది. మనిషి గుండెకు గాయమైతే మిగిలేది మచ్చే. ఈ తేడాకు కారణం వెతకడం ఇప్పటికీ సాగుతోంది.

మందుల ఊరికి, మగ్గాల ఊరికి

హైదరాబాద్ మందుల తయారీకి పెట్టింది పేరు. కొత్త మందుల్లో చాలావాటిని మధ్యలోనే వదిలేయడానికి ఒక ముఖ్య కారణం గుండె లయ మీద వాటి దుష్ప్రభావం. ఎలర్జీకి వాడిన టెర్ఫెనడిన్‌ను 1990ల చివర్లో అమెరికా మార్కెట్ నుంచి తీసేసింది ఇందుకే. అది గుండె కణాల్లోని పొటాషియం ద్వారాన్ని మూసి లయను చెడగొడుతుంది. ఇదే మందును చేపపిండం నీటిలో కలిపితే కర్ణిక రెండుసార్లు కొట్టుకుంటే జఠరిక ఒక్కసారే కొట్టుకుంటుంది. మాసచుసెట్స్ జనరల్ ఆసుపత్రి పరిశోధకులు 100 రసాయనాలను ఇలా పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించారు. మనుషుల్లో లయ చెడగొట్టే మందుల్లో అత్యధికం చేపలోనూ గుండెను నెమ్మదింపజేశాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆవరణలోని డాక్టర్ రెడ్డీస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లోనూ మందుల పరిశోధనకు జీబ్రా చేపలను వాడుతున్నారు.

మందుల కంపెనీలు లేని ఊళ్లకూ ఈ గుండెతో పని ఉంది. తమిళనాడులో తెలుగు ఇళ్లు ఎక్కువగా ఉన్న అరుప్పుకోట్టై చేనేతకూ మరమగ్గాలకూ పేరున్న పట్టణం. నేత ఉన్నచోట అద్దకం ఉంటుంది, అద్దకం ఉన్నచోట రంగునీళ్లు ఉంటాయి. ఇలా నీటిలో కలిసే రసాయనాలు ఎంత విషపూరితమో తేల్చడానికి ఓఈసీడీ సంస్థ 2013లో 236వ నంబరు పరీక్షను ఆమోదించింది. ఒక్కో మోతాదుకు 20 చొప్పున జీబ్రా చేప గుడ్లు, 96 గంటలు. పిండం చనిపోయిందని చెప్పడానికి నాలుగే గుర్తులు చూస్తారు. గుడ్డు గడ్డకట్టడం, వెన్ను వెంబడి కండరపు ముద్దలు ఏర్పడకపోవడం, తోక పచ్చసొన నుంచి విడిపోకపోవడం, గుండె చప్పుడు లేకపోవడం. నీటి రసాయన విశ్లేషణ ఏ పదార్థం ఎంత ఉందో చెబుతుంది. ఆ పదార్థాలన్నీ కలిస్తే ప్రాణికి ఏమవుతుందో చెప్పేది ఈ పిండమే.

హద్దులు

ఈ పద్ధతికి హద్దులున్నాయి. చేప గుండెకు ఊపిరితిత్తుల వలయం లేదు, ఎడమ కుడి జఠరికలు లేవు, కాబట్టి మనిషి గుండె గోడలో రంధ్రం వంటి లోపాలను ఇందులో నేరుగా చూడలేం. నీటిలో కలిపిన మందులో ఎంత పిండం ఒంట్లోకి వెళ్లిందో విడిగా కొలవాల్సిందే. గుండె చుట్టూ నీరు చేరడం అనేది ఎన్నో రకాల విషాలకు కనిపించే గుర్తు, దాన్నొక్కదాన్నే చూసి ఇది గుండె విషమని తేల్చేయకూడదు. గది చల్లబడితే చప్పుళ్లు తగ్గుతాయి, మైక్రోస్కోపు దీపం వేడికి పెరుగుతాయి, పిండం కదలకుండా ఇచ్చే మత్తుమందు ఎక్కువైతే మళ్లీ తగ్గుతాయి. నాలుగు గంటల తేడాతో పుట్టిన రెండు పిండాలను పోల్చినా అంకె మారిపోతుంది. వేడి, వయసు, మత్తు ఈ మూడూ రాయని నివేదికలోని చప్పుళ్ల లెక్కకు విలువ లేదు.

కళాశాలలకు ఒక మాట

డిగ్రీ తరగతుల్లో కప్పలను కోయడం యూజీసీ ఆపించి పదేళ్లు దాటింది. ఆ స్థానంలో చాలాచోట్ల మిగిలింది గోడ మీద పటం, తెర మీద యానిమేషన్. విరుదునగర్, కోవిల్‌పట్టి, అరుప్పుకోట్టై కళాశాలలకైనా, గుంటూరు, వరంగల్ కళాశాలలకైనా ఈ చేప అందుబాటులోనే ఉంది. పెద్ద నగరాల అలంకార చేపల అంగళ్లలో దొరుకుతుంది. కావలసినవి ఒక తొట్టి, వేడి నిలిపే హీటరు, పద్నాలుగు గంటలు వెలిగి పది గంటలు ఆరే దీపం, మామూలు మైక్రోస్కోపు. సెకనుకు 240 చిత్రాలు తీసే ఫోను కెమెరాను కంటికటకానికి ఆనిస్తే మొదటి కొలతలకు సరిపోతుంది.

నియమాలు మాత్రం తప్పనిసరి. సంస్థ జంతు నైతికతా కమిటీ అనుమతి తీసుకోవాలి. యూరప్ చట్టం స్వయంగా తినగలిగిన లార్వా దశ నుంచి, అంటే దాదాపు 120 గంటల నుంచి, దాన్ని పూర్తి ప్రయోగ జంతువుగానే చూస్తుంది. విద్యార్థుల పని ఆ లోపే ముగించడం మంచిది. మిగిలిన చేపలనూ గుడ్లనూ చెరువుల్లో, కాలువల్లో వదలకూడదు.

జంతుశాస్త్రం చెప్పే అధ్యాపకులు వచ్చే విద్యా సంవత్సరం ఒక్క ప్రయోగంతో మొదలుపెట్టవచ్చు. రెండు రోజుల పిండాన్ని 28 డిగ్రీల దగ్గర ఒకసారి, 24 డిగ్రీల దగ్గర ఒకసారి పదిహేను సెకన్లు చూసి, చప్పుళ్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించమనండి. ఒక్కో విద్యార్థి చేత పది పిండాల చప్పుళ్లు లెక్కపెట్టించి, సగటు కట్టించండి. తరువాత ఊరి చెరువు నీళ్లు, అద్దకపు కాలువ నీళ్లు తెచ్చి అదే లెక్క మళ్లీ చేయించండి. వచ్చిన అంకెలను, వాటి పక్కన వేడి, వయసు, తేదీ వేసి, ఏడాదికేడాది భద్రపరచండి. పదేళ్లకు అది ఆ ఊరి నీటి చరిత్ర అవుతుంది.